ఆగస్టు ఆరు, కాగితపు కొంగలు

గుంటూరులో మా చిన్నప్పుడు ఆగస్టు నెల అంటే శ్రావణ శుక్రవారం వాయనాల్లో వచ్చే నానబెట్టిన శనగలు, పంద్రాగస్టుకి జెండా కింద పంచే చాక్లెట్లు. మా బళ్లో చదివినవాళ్లకి ఇంకొకటి కూడా ఉండేది. ఆరో తారీఖున కాగితంతో కొంగలు చేయడం. అది మా ఇంగ్లీషు టీచరుగారు పెట్టిన అలవాటు.

ఆవిడ బ్రాడీపేటలో మా ఇంటికి రెండు అడ్డరోడ్ల అవతల ఉండేవారు. మంగళగిరి నేతచీర, భుజాన గుడ్డసంచి, అందులో ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం. పాఠం కాస్త ముందే ముగించి ఆ పుస్తకం బయటికి తీసేవారు. ఒక పేజీ ఇంగ్లీషులో చదివి, దాన్నే మళ్లీ తెలుగులో చెప్పేవారు. తెలుగులో చెప్పేటప్పుడు మాత్రం పుస్తకం మూసేసి మా మొహాలు చూస్తూ చెప్పేవారు. నేను ఏడో తరగతికి వచ్చేసరికి, అంటే 1994లో, ఆవిడ అందుకున్నది సడాకో కథ. ఎలియనార్ కోయర్ అనే ఆవిడ 1977లో పిల్లల కోసం రాసిన పుస్తకం అది.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు సడాకో ససాకికి రెండేళ్లు. ఒంటి మీద గీత కూడా పడకుండా బయటపడింది. పరుగు పందేల్లో బడికి పేరు తెచ్చేంత చలాకీగా పెరిగింది. ఆరో తరగతిలో ఉండగా రక్త క్యాన్సర్ అన్నారు. వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని జపానులో ఒక నమ్మకం. ఆసుపత్రిలో ఆ పిల్ల మందుల పొట్లాల కాగితాలతో సహా ఏది దొరికితే దానితో కొంగలు మడవడం మొదలుపెట్టింది. 1955 అక్టోబరు 25న చనిపోయింది. పుస్తకంలో ఆమె 644 కొంగలు చేస్తుంది, మిగతా 356 తోటి పిల్లలు చేసి వెయ్యి పూర్తి చేస్తారు.

ఆ లెక్క దగ్గరికి వచ్చేసరికి క్లాసులో సగంమంది ఏడ్చాం. నాకైతే ఆ 356 కొంగలూ ముందే మడిచి పంపలేకపోయామే అని కడుపులో దేవేసింది.

మాకు రంగు కాగితాలు కొనే వీలు లేదు. పాత నోటు పుస్తకాలు, పరీక్ష పేపర్లు. పెళ్లి శుభలేఖలు తెస్తే మందంగా ఉండి ముక్కు దగ్గర మడత పడేది కాదు. కాగితాన్ని ఐమూలగా మడిచి, మిగిలిన పట్టీని గోటితో గీకి, నాలిక చివరతో తడిపి చింపితే చదరపు ముక్క వచ్చేది. రెక్కలు లాగేటప్పుడు తొందరపడితే పొట్ట చిరిగిపోయేది. ఎడమ రెక్క మీద లెక్కల హోంవర్కు, కుడి రెక్క మీద టీచరు పెట్టిన ఎర్రసిరా టిక్కు, అలాంటి కొంగలు మావి. పూలు కట్టే దారానికి గుచ్చి వరండా పొడుగునా కట్టేవాళ్లం.

ఆ ఏడాది ఆరో తారీఖు శనివారం. ఆ రోజు నా పక్కన కూర్చున్న పిల్లది తెనాలి అవతల ఒక పల్లె. హాస్టల్లో ఉండి చదువుకునేది. మెత్తటి మనిషి, క్లాసులో నోరు విప్పేది కాదు. కొంగ మడుస్తూ మడుస్తూ తలెత్తి, "టీచర్, చుండూరులో చంపింది కూడా ఇయ్యాళే కదండీ" అంది.

నాకు గుండె జారింది. ఎందుకో చెప్పాలంటే అంతకు మూడేళ్లు వెనక్కి వెళ్లాలి.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని ఊరి పెత్తందారీ కులాలవాళ్లు వేటాడి నరికి చంపారు. సినిమాహాల్లో కాలు తగిలిందన్న చిన్న గొడవని అడ్డం పెట్టుకుని, వారాల తరబడి సాంఘిక బహిష్కరణ నడిచాక జరిగిన ఘోరం అది. శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. అప్పట్లో అది గుంటూరు జిల్లానే, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. మా ఇంటి నుంచి రైల్లో బయల్దేరితే తెనాలి దాటాక ఎంతోసేపు పట్టదు. ఇవన్నీ నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్న సంగతులు. నాలుగో తరగతి పిల్లగా నాకు అందింది మాత్రం ఒక్క ముక్క.

మా పెదనాన్న మిర్చియార్డులో గుమాస్తా. ఆ వారం రాత్రిపూట డాబా మీద ఆయనా నాన్నా గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే, నిద్రపోతున్నానని వాళ్లు అనుకుంటున్న నా చెవిలో పడిన ముక్క, "గోతాల్లో కట్టారంట". ఎవర్ని, ఎందుకు, ఎవరు, ఏదీ తెలీదు. మా ఇంటి వెనక వరండాలో గోడకి ఆనించి పెదనాన్న యార్డు నుంచి తెచ్చిన ఖాళీ గోతాలు ఎప్పుడూ ఉండేవి. వాటి మీద ఎక్కి దొర్లి ఆడుకున్నవాళ్లమే. ఆ రాత్రి తర్వాత నేను చీకటిపడితే ఆ వరండాలోకి వెళ్లలేదు. పెరట్లోకి పోవాలన్నా అమ్మ తోడు కావాల్సిందే. "ఇంత పిల్లవి, భయమేంటే" అని అమ్మ అడిగింది. ఏమని చెప్పను? అడిగితే తిడతారని ఎవరూ అనకపోయినా తెలుసు. ఆ సంగతి ఎత్తకూడదన్నది మా ఇంట్లో గాలిలోనే ఉండేది.

పిల్లలకి ఇలాంటివి చెప్పకూడదు, లేత మనసులు అనే పెద్దవాళ్లతో నా గొడవ అంతా ఇక్కడే. చెప్పకపోతే పిల్లలకి తెలీకుండా పోదు. ముక్కలుగా తెలుస్తుంది. ముందూ వెనకా లేకుండా, చచ్చిపోయినవాళ్ల పేర్లు లేకుండా, భయం ఒక్కటే తెలుస్తుంది.

ఇక మా క్లాసులోకి వస్తాను. టీచరుగారు పుస్తకం బల్ల మీద పెట్టి, "అవునమ్మా, ఈ రోజే. నీకేమన్నా చెప్పాలని ఉందా?" అన్నారు. ఆ పిల్ల లేచి నిలబడింది. వాళ్ల పిన్నివాళ్లది చుండూరేనట. ఆ రోజుల్లో పిన్ని, పిల్లలు మూటలతో వీళ్లింటికి వచ్చి నెలల తరబడి ఉన్నారట. తనకంటే ఒక ఏడాది చిన్నదైన చెల్లెలు రాత్రుళ్లు కలవరించేదట. ఏమీ అడగొద్దని అమ్మ ముందే చెప్పిందట. అంతే చెప్పి కూర్చుంది. టీచరుగారు ఆ రోజు సడాకో పుస్తకం మళ్లీ తెరవలేదు. మేం చేసిన కొంగల్లో ఎనిమిదింటిని విడిగా ఏరి ఇంకో దారానికి గుచ్చమన్నారు. గుచ్చింది నేనూ, ఆ పిల్లా.

సోమవారం బడికి వెళ్లేసరికి హిరోషిమా తోరణాలు వరండాలో అలాగే ఉన్నాయి. ఎనిమిది కొంగల దారం లేదు. బడి పెద్దలు తీయించేశారు. పిల్లల బుర్రల్లోకి రాజకీయాలు ఎక్కించొద్దని టీచరుగారికి చెప్పారని తర్వాత తెలిసింది. హిరోషిమా కొంగలు మాత్రం దీపావళి దాకా ఊగుతూనే ఉన్నాయి. ఎనిమిది కొంగల దారాన్ని ఆ తర్వాత ఒకసారి టీచరుగారింట్లో కిటికీ ఊచకి కట్టి ఉండగా చూశాను.

జపాను పిల్ల కోసం ఏడిస్తే మంచిపిల్లలం. చుండూరు పేరెత్తితే రాజకీయం. ఈ తేడా నాకు ఆ వయసులో మాటల్లో పెట్టడం రాలేదు గానీ, అర్థం కాకపోలేదు. అదే బళ్లో జాషువా పద్యాలు గణాలతో సహా బట్టీ పట్టించారు. ఆయన గుంటూరులో మన మధ్యే బతికినవాడని చెప్పి గర్వపడమన్నారు. 'గబ్బిలం' ఎవరి ఆకలి గురించో, ఆ గబ్బిలాన్ని శివుడి దగ్గరికి ఎందుకు పంపాడో మాత్రం పరీక్షలో రాదు కాబట్టి అక్కర్లేదన్నారు.

డిగ్రీ చదివే రోజుల్లో నాకు పాత పుస్తకాల పిచ్చి పట్టుకుంది. బెజవాడ లెనిన్ సెంటర్లో కొట్ల ముందు గొంతుక్కూర్చుని బొత్తులు తిరగేస్తుంటే బస్సు టైము కూడా గుర్తుండేది కాదు. ఆన్ ఫ్రాంక్ డైరీ నాకు అక్కడే దొరికింది, అట్ట లేకుండా. 1942 జూన్ 12న పదమూడో పుట్టినరోజుకి వచ్చిన డైరీలో ఆ పిల్ల 1944 ఆగస్టు 1 దాకా రాసింది. నాలుగో తారీఖున, దాక్కున్న చోటు నుంచి, ఆ యూదు కుటుంబాన్ని నాజీలు పట్టుకుపోయారు. పుస్తకం మధ్యలో ఆగిపోయినట్టు ఆగిపోతుంది. నేను కొన్నది చిరిగిన ప్రతి అని, చివరి పేజీలు పోయాయని మొదట అనుకున్నాను. ఆమ్‌స్టర్‌డాంలో వాళ్లు దాక్కున్న ఇంట్లో గోడ మీద తండ్రి పెన్సిల్‌తో పిల్లల ఎత్తులు గీసుకున్న గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రెండేళ్లలో ఆన్ పదమూడు సెంటీమీటర్లకు పైనే పెరిగింది. మా ఇంట్లో వంటగది గుమ్మం మీద అన్నయ్యవీ నావీ అలాంటి గీతలే ఉండేవి. నాజీలు చంపిన యూదు పిల్లలు దాదాపు 15 లక్షలమంది. ఆ అంకె ఎన్నిసార్లు చదివినా నా బుర్రకి పట్టలేదు. గోడ మీద పెన్సిల్ గీత పట్టింది.

రష్యాలో లెనిన్‌గ్రాడ్ నగరాన్ని జర్మన్లు ముట్టడించినప్పుడు తాన్యా సావిచెవా అనే పిల్ల రాసుకున్నది ఇంకా చిన్నది. అక్షరాల వరసలో పేజీలున్న చిట్టి పుస్తకంలో, చనిపోయినవాళ్ల పేరు ఏ అక్షరంతో మొదలైతే ఆ పేజీలో తారీఖు, గంట. అక్క, అమ్మమ్మ, అన్న, ఇద్దరు పెద్దనాన్నల వరస మనుషులు, చివరికి 1942 మే 13 పొద్దున ఏడున్నరకి అమ్మ. ఆ తర్వాత, అందరూ చనిపోయారు, తాన్యా ఒక్కతే మిగిలింది అని. నిజానికి ఒక అక్క, ఒక అన్న బతికే ఉన్నారు. ఆ సంగతి తనకి తెలీదు. మా అన్నయ్య విశాలాంధ్రలో కొన్న సోవియట్ బొమ్మల పుస్తకాలు, ఆ నున్నటి కాగితాల వాసన చూస్తూ పెరిగినదాన్ని. వాటిలో యుద్ధం అంటే గెలిచిన సైనికుడే. తాన్యా తొమ్మిది పేజీలు చదివాక ఆ సైనికుడి వెనక ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో తెలిసింది.

వీటన్నిటికంటే నన్ను కదిలించినది ఇంకొకటి ఉంది. ఆరో తరగతిలో బడి వార్షికోత్సవానికి ఠాగూర్ 'పోస్టాఫీసు' నాటకం వేశాం. జబ్బుతో గది దాటి వెళ్లకూడని అమల్ అనే పిల్లాడు కిటికీ దగ్గర కూర్చుని, దారిన పోయే పెరుగు అమ్మేవాడితో, కావలివాడితో కబుర్లు చెబుతూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాడు. నాది పూలమ్మాయి సుధ వేషం. చివర్లో అమల్ నిద్రపోయాడని చెప్పాక నేను పూలు పెట్టి, లేచాక అతనితో "సుధ నిన్ను మరిచిపోలేదు" అని చెప్పమనాలి. రిహార్సల్‌లో నేను గబగబా చెప్పేసి పారిపోతుంటే, "మెల్లగా నాన్నా, ఆ ముక్క కోసమే నాటకం అంతా" అని టీచరుగారు మళ్లీ మళ్లీ చెప్పించారు.

పెళ్లయ్యాక ఎప్పుడో ఒక పత్రికలో చదివాను. పోలెండులో యానుష్ కోర్చాక్ అనే పిల్లల డాక్టరు, పిల్లల రచయిత, నాజీలు యూదుల్ని నిర్బంధించిన వార్సా ఘెట్టోలో అనాథపిల్లల్ని సాకేవాడు. 1942 జులై 18న ఆ పిల్లలచేత ఇదే నాటకం వేయించాడు. ఆగస్టు మొదటివారంలో సుమారు రెండు వందలమంది పిల్లల్నీ, వాళ్లని వదిలి రానన్న కోర్చాక్‌నీ, తోటి సిబ్బందినీ రైలెక్కించి ట్రెబ్లింకా మరణశిబిరానికి తీసుకుపోయి చంపేశారు. ఠాగూర్ అంతకు ఏడాది ముందే పోయాడు. తన నాటకం ఎక్కడ, ఎవరి ముందు ఆడిందో ఆయనకి తెలిసే వీల్లేదు. అక్కడ సుధ వేషం కట్టిన పిల్ల కూడా అదే మాట అని ఉంటుంది. పత్రిక పక్కనపెట్టి చాలాసేపు వంటింట్లో నిలబడిపోయాను.

కోర్చాక్ పిల్లలకి అబద్ధం చెప్పలేదు, అలాగని గ్యాస్ గదుల గురించి పాఠమూ చెప్పలేదు. చావుని చూడగలిగే వయసుకి తగ్గ కథ ఒకటి వాళ్ల చేతిలో పెట్టాడు. పిల్లల కోసం ఇలాంటి సంగతులు రాయాలంటే ఇంతకంటే మంచి దారి నాకు కనబడదు.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచిన పుస్తకం ఒకటి మా అమ్మాయి బడి లైబ్రరీ నుంచి తెచ్చుకుంది. 2006లో వచ్చిన జాన్ బోయిన్ నవల, చారల పైజమా కుర్రాడి కథ. నాజీ శిబిరం కమాండెంట్ కొడుకు, తొమ్మిదేళ్ల బ్రూనో, కంచె అవతలి యూదు పిల్లాడితో స్నేహం చేసి, చివరికి అతనితోపాటే గ్యాస్ గదిలోకి వెళ్లిపోతాడు. మా అమ్మాయి రాత్రంతా ఏడ్చింది. పొద్దున్నే, "పాపం బ్రూనో" అంది. "రెండో పిల్లాడి పేరేంటమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి గాని ష్ముయెల్ అని చెప్పలేకపోయింది. తప్పు మా అమ్మాయిది కాదు. ఆ పుస్తకం మన కన్నీళ్లన్నిటినీ కమాండెంట్ ఇంటి వైపే పారిస్తుంది. ఆష్‌విట్జ్ నాజీ శిబిరానికి తెచ్చిన పిల్లల్లో ఎక్కువమందిని రైలు దిగగానే చంపేశారు. కంచె దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకునే తీరిక వాళ్లకి లేదు. ఆ చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లు ఈ పుస్తకం జోలికి పోవద్దని ఆష్‌విట్జ్ మ్యూజియంవాళ్లే 2020లో చెప్పారు.

సడాకో విషయంలోనూ నాకు తర్వాత తెలిసిన ఒక సంగతి ఉంది. ఆమె 644 దగ్గర ఆగిపోలేదు. వెయ్యి పూర్తి చేసిందని, ఆ తర్వాత కూడా మడుస్తూనే ఉందని ఆమె అన్నా, హిరోషిమా మ్యూజియంవాళ్లూ చెబుతున్నారు. ఇది తెలిసిన రోజు నాకు చాలా కోపం వచ్చింది. పుస్తకంలో లెక్క తక్కువ పడింది కాబట్టి, పడకపోతే బతికేదేమో అన్న ఆశ మిగిలింది. నిజంలో ఆ ఆశ లేదు. వెయ్యీ మడిచింది, అయినా చనిపోయింది. తెలిసి కూడా మళ్లీ ఇంకో కాగితం తీసుకుంది. పన్నెండేళ్ల పిల్ల ఆ కాగితం ఎందుకు తీసుకుందో ఆలోచించే అవకాశం మా క్లాసుకి రావాల్సింది. మేం తట్టుకునేవాళ్లమే. ఆ క్లాసులో అప్పటికే చుండూరు నుంచి పారిపోయి వచ్చినవాళ్లకి నీడనిచ్చిన ఇంటి పిల్ల ఒకతి మా పక్కన కూర్చుని ఉంది మరి.

చుండూరు మీద, అంతకు ముందు 1985లో మంచినీళ్ల చెరువు దగ్గర గొడవతో మొదలైన కారంచేడు దళితుల హత్యాకాండ మీద పెద్దవాళ్ల కోసం కవిత్వం వచ్చింది, కథలొచ్చాయి, పాటలొచ్చాయి. చుండూరు ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. దాని మీద వ్యాసాలూ వచ్చాయి. మా అమ్మాయి చేతిలో పెట్టడానికి మాత్రం, పన్నెండేళ్ల పిల్ల చదువుకునేలా రాసిన పుస్తకం నేను తిరిగిన ఏ కొట్లోనూ దొరకలేదు. ఆమ్‌స్టర్‌డాం మేడ మెట్లు ఎన్నో చెప్పగలదు నా కూతురు. తన అమ్మమ్మగారి ఊరికి వెళ్లే రైలు ఆగే స్టేషన్ పేరు వెనక ఏముందో తెలీదు.

అందుకని కిందటేడు నేనే కూర్చున్నాను. చిన్న పుస్తకం, ముప్ఫై పేజీలకి మించకూడదని. కాగితపు కొంగలతో మొదలుపెట్టి, మా వరండా, ఎనిమిది కొంగల దారం, డాబా మీద మాటలు, గోతాల భయం, అన్నీ పెట్టాను. రాసినదాన్ని మొట్టమొదట పంపాల్సింది ఎవరికో నాకు అనుమానమే లేదు. మా హాస్టల్ పిల్ల ఇప్పుడు తెనాలి దగ్గరే ఒక ప్రభుత్వ బడిలో టీచరు. మా స్నేహం ఎప్పుడూ తెగలేదు.

రెండు రోజులకి ఫోన్ చేసింది. "ఇదంతా నీ కథేనే" అంది. కోపంగా కాదు, దిద్దుబాటు చేసే టీచరు గొంతుతో. "కొంగలు తీసెయ్. మీ డాబా కూడా తీసెయ్. మా చెల్లి ఏ తరగతి చదివేది, ఇంట్లో మేకపిల్ల ఉండేదా లేదా, మా పిన్ని ఆ పొద్దున ఏం వండింది, ఊరొదిలేటప్పుడు మూటలో ఏం కట్టుకుంది, అవి రాయి. మా బళ్లో పిల్లలు అడిగేది అయ్యే."

"గోతాల సంగతో?" అన్నాను.

"అది ఉంచాలి. దాచడానికేం ఉంది? కానీ చివర్లో కాదు, మధ్యలో చెప్పు. ఆ తర్వాత మావాళ్లు ఎట్టా బతికారో కూడా పిల్లలకి కావాలి కదా. మా చెల్లి నర్సు అయ్యిందని రాయి."

నిజమే. నేను రాసినదాంట్లో చుండూరు వాళ్లు చనిపోవడం తప్ప ఇంకేం చేయలేదు. పాతది పక్కన పెట్టేసి కొత్త నోటు పుస్తకం తీశాను. ప్రశ్నలు మా అమ్మాయే రాస్తోంది, ఇప్పటికి రెండు పేజీలైంది. అందులో ఒకటి, మేకపిల్లని ఎవరికిచ్చి వచ్చారు అని. పిన్నిగారికి ఇప్పుడు డెబ్భై దాటాయి, మాట్లాడతానన్నారట. వచ్చే ఆదివారం తెనాలి వెళ్తున్నాం. మధ్యాహ్నం పడుకుంటారు, నాలుగు దాటాక రమ్మన్నారు.